ఉండుమన్న చీటీ

మూడో చీటీ కూడా ఉండమనే వచ్చింది.

బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి, ఇవాళ ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఒకటి. మాటలు వేరు, సంగతి ఒకటే. ఇవాళ్టి దాని మీద తాతగారి గుండ్రటి చేతిరాతలో "నీవు నిలిచిన చోటనే నిలిచియుండుము" అని ఉంది. ఇంటాయన, లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి వీధికి లిఫ్టాయన, దాన్ని పైకి చదివి, ముద్దు పెట్టుకున్నంత పని చేసి, భోజనాల బల్ల మీద పెట్టాడు. కంచాల మధ్య అది ఇంకా అక్కడే ఉంది. ఎవరూ తీయలేదు. ఎవరూ తినడమూ లేదు.

"సరే నాన్నా," అంది కూతురు.

ఆ పిల్ల అసలు పేరు సర్టిఫికెట్లకే పరిమితం. ఇంట్లో, వీధిలో, పనిచేసే చోట కూడా బొంగరమే. ఒకచోట నిలవదని చిన్నప్పుడు పెట్టిన పేరు. ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. పెట్టుడు కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. తెగిన కాలికి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీయడంలో ఆమె చేతికి పేరుంది. ఆమె తీసిన అచ్చుతో చేసిన కాలు ఒరుసుకోదని, ఆ కాలుతో నడిచేవాళ్ళే చెబుతారు. అక్కడి పెద్ద మేడమ్ ఆమెను రెండేళ్ళ శిక్షణకు ఎంపిక చేసింది. ఆ చోటు రెండు రోజుల ప్రయాణం. వస్తుందో రాదో రేపు ఉదయం తొమ్మిదింటిలోగా కాగితం మీద రాసివ్వాలి. ఇవ్వకపోతే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది.

కాగితంలో రెండు గళ్ళున్నాయి. వస్తాను, రాలేను. బొంగరం కంచం పక్కకు జరిపి, రెండో గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, పెన్నుకు మూత పెట్టింది. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే తల్లికి కొంచెం ఊరటగా ఉండేది.

తల్లిని వీధిలో టైలరమ్మ అంటారు. వదులైన బట్టలు బిగించడం, బిగుతైనవి వదులు చేయడం ఆమె పని. ఆ ఇంట్లో ఆమె చేతిలోంచి జారిపోయినవి ఆ రెండు పనులే.

"నీకు వెళ్ళాలని ఉందా లేదా? అది చెప్పు ముందు," అంది.

"నాకు ఉండటం లేకపోవడం కాదు కదమ్మా."

"అడిగినదానికి చెప్పవే."

"ఉంది," అంది బొంగరం. "చాలా ఉంది. అందుకే కదా అడిగింది. మనకి ఇష్టంలేనిది వద్దంటే వినడం ఏం గొప్ప?"

తండ్రి కూరగిన్నె మూత తీసి చూసి, మళ్ళీ మూశాడు. కూతురిని చూసి గర్వపడాలో జాలిపడాలో తెలియని మొహం. టైలరమ్మకు ఆ మొహం చూస్తే ఒళ్ళు మండింది. ఎవరి మీద మండుతోందో పైకి చెప్పుకునే యోగ్యత మాత్రం ఆమెకు లేదు.

ఆ ఇంట్లో ఏ సంగతైనా తేల్చేది డబ్బాయే. లిఫ్టాయన తండ్రి చేసిన చెక్క డబ్బా అది. అందులో ఆ తాతగారు బైబిలు వాక్యంలోంచి ఏరి స్వయంగా రాసుకున్న చీటీలు. ఇల్లు మారాలా, ఆపరేషన్ చేయించాలా, కళ్ళజోడు ఈ నెల కొనాలా వచ్చే నెలా, ఏదైనా సరే ముగ్గురూ మోకాళ్ళూనాలి, లిఫ్టాయన ప్రార్థన చేసి ఒక చీటీ తీయాలి, వచ్చినదానికి ఇల్లంతా లోబడాలి. చర్చి అయ్యగారు ఒకసారి మెత్తగా చెప్పి చూశారు, డబ్బాలో వాక్యం ఉంది గానీ డబ్బాయే వాక్యం కాదు నాయనా అని. లిఫ్టాయన చేతులు కట్టుకుని విన్నాడు. ఇంటికొచ్చి, అయ్యగారి మాట వినాలా వద్దా అని చీటీ తీశాడు.

ఇంతలో ఫోను మోగింది. నాలుగు వీధుల అవతల ఒక ఆసుపత్రి భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల ఇద్దరున్నారు. లిఫ్టాయన గొంతు అప్పటికప్పుడు మారిపోయింది. లోపల ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆయనది వేరే గొంతు, ఇంట్లో ఎప్పుడూ వినపడనిది. ఏమీ నొక్కకండి, తలుపు లాగకండి, కూర్చోండి, పది నిమిషాల్లో నేనొస్తున్నాను అన్నాడు. చెప్పులు వేసుకుంటూ సామాన్ల సంచి భుజాన తగిలించుకున్నాడు.

"దీనికి చీటీ తీయరా?" అంది టైలరమ్మ.

ఆయన గడపలో ఆగాడు. "అది డ్యూటీ."

"మరి ఇది?"

మెట్లు దిగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

తల్లీకూతుళ్ళు మిగిలారు. బొంగరం లేచి కంచాలు తీసింది, ముట్టని అన్నం గిన్నెలోకి మార్చింది, చీటీని జాగ్రత్తగా డబ్బాలో వేసింది. టైలరమ్మ తన కుర్చీలోంచి కదల్లేదు. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. ఆమె పందొమ్మిదేళ్ళుగా అరవలేదు. ఇవాళ కుట్టింది మాత్రం తనను కాదు, పిల్లను.

చివరికి లేచింది. కుట్టుమిషన్ సొరుగులోంచి కుట్లు విప్పే కత్తి తీసుకుని, ప్రార్థన మూల నుంచి దిండు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ముగ్గురూ మోకాళ్ళూనే పొడవాటి దిండు అది. యూనిఫారాల మందపాటి గుడ్డతో ఆమె కుట్టిందే.

"అదెందుకు విప్పుతున్నావు? బాగానే ఉందిగా," అంది బొంగరం.

టైలరమ్మ ఒక పక్క కుట్టంతా విప్పి, దూది లోపలికి చెయ్యి పోనిచ్చి, గుడ్డలో చుట్టిన చిన్న మూట బయటికి తీసింది. మూటలోంచి చీటీలు బల్ల మీద పడ్డాయి. అన్నీ ఆ గుండ్రటి చేతిరాతే. లేచి బయలుదేరుము. దాటి వెళ్ళుము. నీకు చూపించు చోటికి పొమ్ము. ముప్పై ఒకటి.

బొంగరం మొదటిది చదివింది, రెండోది చదివింది. తర్వాత చదవడం మానేసి తల్లి మొహం చూసింది.

చెప్పక తప్పలేదు, చెప్పింది. పందొమ్మిదేళ్ళ కిందట చర్చివాళ్ళు ఒక బురద దీవిలో బడి పెట్టి, అక్కడ ఉండటానికి ఒక కుటుంబం కావాలన్నారు. నాన్న అందరి ముందూ లేచి నిలబడ్డాడు. అంతకుముందు వెళ్ళిన కుటుంబం ఇద్దరు పిల్లల్ని జ్వరానికి అక్కడే పోగొట్టుకుని వచ్చింది. బొంగరానికి అప్పుడు మూడేళ్ళు, రొమ్ములో పిల్లికూతలు. చీటీ తీయాల్సిన రోజు మధ్యాహ్నం నాన్న పనికి వెళ్ళాక, డబ్బాలో వెళ్ళమనే చీటీలన్నీ ఏరేసింది. వాక్యాన్ని చింపడానికి చేతులు రాలేదు, కాల్చడానికి అంతకన్నా రాలేదు. అప్పుడే కుడుతున్న దిండులో పెట్టి కుట్టేసింది. వారం పోయాక మళ్ళీ వేసేద్దామనుకుంది. వారం నెలైంది, నెల ఏడాదైంది. తర్వాత వేయడానికి భయమేసింది, ఎందుకో తెలియని భయం. దేవుణ్ణి మోసం చేసిన మనిషికి దేవుడి దగ్గర ఒప్పుకోవడం తేలికే. మొగుడి దగ్గరే కష్టం.

బొంగరం ఒక చీటీ అంచును వేలితో నిమురుతూ కూర్చుంది.

"నాయనమ్మ పిలిచినప్పుడు కూడా ఇవి ఇందులోనే ఉన్నాయా?" అని అడిగింది.

ఈ ప్రశ్న వస్తుందని టైలరమ్మకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట వేరే ఊళ్ళో అత్తగారు మంచం పట్టి, కొడుకుని ఒక్కసారి చూడాలని కబురు పెట్టింది. ఆయన చీటీ తీశాడు. ఉండుము అని వచ్చింది. ఉండిపోయాడు. నాలుగోరోజు ఆవిడ పోయింది. ఆ నాలుగు రోజులూ టైలరమ్మ మిషన్ ముందు కూర్చునే ఉంది, దిండు చేతికందే దూరంలోనే ఉంది.

"ఉన్నాయి," అంది.

"నా విషయంలో నా మీద ప్రేమతో చేశావు. నాయనమ్మ విషయంలో ఎవరి మీద ప్రేమతో చేశావమ్మా?"

గొంతు పెంచి అడిగి ఉంటే ఎదురు చెప్పడానికి వీలుండేది. ఆ పిల్ల మామూలుగా అడిగింది. టైలరమ్మ తల దించుకుంది. ఎవరి మీదా కాదు. దొరికిపోతానన్న భయం, అంతే.

కాసేపటికి తేరుకుని, అసలు సంగతికి వచ్చింది. కాగితం చింపేసి కొత్తది నింపమంది. వచ్చినవి దేవుడి మాటలు కావు కాబట్టి వాటికి కట్టుబడక్కర్లేదంది.

"డబ్బాలో ఏవి లేవో దేవుడికి తెలీదా?" అంది బొంగరం. "తెలిసే ఉండమన్నాడేమో."

"నీకు మతిపోయిందా? అక్కడ ఉండమనేవి తప్ప ఇంకేం లేవే."

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు నాన్న మాట ఎందుకు వింటారమ్మా? భయపడి కాదు. కాగితం మీద రాసి ఉందనీ కాదు. ఆ మనిషి వస్తున్నాడు కాబట్టి. నేనూ అంతే. వచ్చేవాడి గొంతు విని కూర్చున్నాను."

"ఆ గొంతు దేవుడిది కాదే తల్లీ. నాది."

అప్పుడు కదిలింది ఆ పిల్ల. కళ్ళు నిండాయి, వెంటనే తుడిచేసుకుంది. తల్లికి లోబడితే తండ్రిని కాదన్నట్టు, తండ్రికి లోబడితే అబద్ధానికి లోబడినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇందులో ఆమె చేసిన తప్పేమీ లేదు. నమ్మింది, అంతే.

"నాన్నకి చెప్పు," అంది చివరికి. "ఇవన్నీ డబ్బాలో వేసి నాన్న మళ్ళీ తీయాలి. అప్పుడేదొస్తే అది. నువ్వు చెప్పకుండా నేను వెళ్తే దొంగతనంగా వెళ్ళినట్టు. ఆ వెళ్ళడం నాకొద్దు."

ఆరేసిన బట్టలు తెస్తానని మేడ మీదికి వెళ్ళింది. బట్టల కోసం కాదని ఇద్దరికీ తెలుసు. టైలరమ్మ కుడితిలో పడ్డ ఎలుకలా ఆ గదిలో అటూ ఇటూ తిరిగింది. చెబితే పిల్ల వెళ్ళే దారి తెరుచుకుంటుంది. చెబితే ఆయనకు, తన తల్లి ఆఖరి చూపును పెళ్ళామే దిండులో పెట్టి కుట్టేసిందని తెలుస్తుంది. ముప్పై ఏళ్ళ కాపురం ఆ తర్వాత ఎక్కడ నిలబడుతుందో ఆమె ఊహకు అందలేదు.

గంట తర్వాత లిఫ్టాయన వచ్చాడు. ఇద్దరినీ క్షేమంగా దింపానని చెబుతూ చేతులకు అంటిన గ్రీజు కడుక్కోవడానికి సింకు దగ్గరికి వెళ్ళాడు. ఆమె వెనకాల నిలబడి, ఆయన మొహం చూడకుండానే మొదలుపెట్టి, ఆయన వీపుకే అంతా చెప్పేసింది. బురద దీవి, దిండు, అత్తగారు, ఏదీ వదల్లేదు. సబ్బు రాసుకుంటున్న చేతులు ఆగలేదు.

"తెలుసు," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"మా నాన్న నాకు అక్షరాలు నేర్పింది ఆ చీటీలతోనే. ఒక్కొక్కటీ ఈ చేతికి తెలుసు. ఏది ఎక్కడ మడతపడిందో, దేని మూల విరిగిందో చూడక్కర్లేదు. ముప్పై ఒకటి పోతే తెలీదా?"

"ఎప్పుడు తెలిసింది?"

"చెయ్యి పెట్టిన మొదటిరోజే."

కుళాయి కట్టేశాడు. తుడుచుకోవడానికి గుడ్డ ఆమే అందించింది, అలవాటు కొద్దీ.

"ఆ రోజు ఏడ్చారు కదా మీరు. దేవుడు నన్ను వద్దన్నాడని."

"ఏడ్చాను, బతికిపోయానని. అందరి ముందూ లేచి నిలబడ్డాను గానీ, ఇంటికొచ్చేసరికి ఆ ధైర్యం మిగల్లేదు. ఎలా వెనక్కి తగ్గాలో తెలీలేదు. నువ్వే తగ్గించావు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను."

అత్తయ్య, అనబోయింది ఆమె. పూర్తిగా అనక్కర్లేకపోయింది.

"అప్పుడూ అంతే. మా అమ్మ నా చేతుల్లో పోతుంటే చూడలేననిపించింది. వెళ్ళమనే చీటీ అందులో లేదని తెలిసే చెయ్యి పెట్టాను." తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. "నేను దేవుడికి లోబడ్డానని ఊరంతా చెప్పుకుంది. నేను లోబడింది నా పిరికితనానికి. నీ కుట్టు నాకు అడ్డం పెట్టుకోవడానికి పనికొచ్చింది."

పందొమ్మిదేళ్ళుగా మొగుణ్ణి మోసం చేస్తున్నానని కుమిలిపోయిన మనిషికి, ఆ మోసాన్ని ఆయన తీరిగ్గా వాడుకుంటున్నాడని తెలిస్తే ఎలా ఉంటుంది? ఒక్క క్షణం భారం దిగినట్టే అనిపించింది టైలరమ్మకు. మరుక్షణం కోపంతో చెవులు వేడెక్కాయి. తను ఒంటరిగా మోసిన పాపంలో ఈయనకూ సగం ఉంది. ఆ సగం ఈయన ఒక్కరోజు కూడా మోయలేదు.

"మరి బొంగరం?" అంది. "మూడుసార్లు తెలిసే తీశారా?"

"అది వెళ్తే ఈ ఇంట్లో మనిద్దరమే." అంతకన్నా చెప్పలేదు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇదంతా దానికి చెప్పకు. చీటీలు డబ్బాలో వేసేస్తాను, దాని ముందే వేస్తాను, దాని ముందే తీస్తాను. దానికి కావాల్సింది అదేగా. నా సంగతి తెలిస్తే ఇక ఏ మాటా నమ్మదు అది. దాని దేవుణ్ణి నువ్వే దాని దగ్గర్నుంచి తీసేసినట్టు అవుతుంది."

"తీస్తే ఏం వస్తుంది?"

ఆయన ఆ ప్రశ్న విననట్టే ఉన్నాడు. "పెళ్ళిరోజు దేవుడి ముందు నాకు లోబడతానని మాటిచ్చావు. పందొమ్మిదేళ్ళు చాటుగా నీ ఇష్టం వచ్చినట్టు చేశావు. నేనేమైనా అన్నానా? ఈ ఒక్కసారి ఆ మాట నిలబెట్టుకో."

ఆమె నోటికి తాళం ఎలా వేయాలో ఆయనకు బాగా తెలుసు. చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తం ఏమిటా అని ఇన్నేళ్ళూ వెతుక్కున్న మనిషి ఆమె. విధేయతే ప్రాయశ్చిత్తమని ఆయన చేతికందించాడు. తీసుకుంటే పిల్ల పోతుంది. తీసుకోకపోతే, తను రెండోసారి దేవుడి ముందు మాట తప్పిన మనిషి.

బొంగరం మడతపెట్టిన బట్టలతో దిగి వచ్చింది. తల్లిని చూసి, తండ్రిని చూసి, చెప్పావా అన్నట్టు కళ్ళతోనే అడిగింది. టైలరమ్మ తల ఊపింది.

"నాన్నా, నీకు చాలా కష్టంగా ఉంటుంది," అంది బొంగరం. "అమ్మను క్షమించు."

"క్షమించాను," అన్నాడు ఆయన. మాట తడబడలేదు. టైలరమ్మ గోడ వైపు చూసింది.

ముప్పై ఒక్క చీటీలూ ఆయన ఒక్కొక్కటిగా చదివి డబ్బాలో వేశాడు. మూత పెట్టి బాగా కుదిపాడు. దిండు విప్పి ఉంది కాబట్టి ముగ్గురూ వట్టి నేల మీదే మోకాళ్ళూనారు. బొంగరం టిక్కు పెట్టిన కాగితాన్ని మోకాళ్ళ ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"ఏదొచ్చినా సరే ప్రభువా," అంది. "ఉండమంటే ఉండిపోతాను. ఇంకెప్పుడూ అడగను."

ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు. మంచి ప్రార్థన, తడి ఉన్న గొంతు. ప్రార్థిస్తూనే డబ్బాలో చెయ్యి పెట్టాడు. టైలరమ్మ కళ్ళు మూయలేదు. డబ్బా లోపల ఆ వేళ్ళు కదలడం చూస్తోంది. ఒక చీటీని పట్టుకున్నాయి, మూల తడిమి వదిలేశాయి. ఇంకోదాన్ని పట్టుకున్నాయి, మడత తడిమి వదిలేశాయి. తొందరేమీ లేదు వాటికి, కావాల్సింది ఎక్కడుందో వెతుక్కుంటున్నాయి. మూడోదాని దగ్గర ఆగాయి.

ఆయన గొంతు ఆమెన్ దగ్గరకు వస్తోంది.

టైలరమ్మ పక్కకు వంగి కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"బొంగరం," అంది. "కళ్ళు తెరువు."

ఊహ తెలిసినప్పట్నించీ ఆ పిల్ల ఆమెన్ అనకముందు కళ్ళు తెరిచి ఎరగదు. తండ్రి ప్రార్థన ఆగిపోయింది, చెయ్యి డబ్బాలోనే ఉంది. బొంగరం రెప్పలు కదిలాయి గానీ, ఇంకా మూసే ఉన్నాయి.

"ఎవరు చెబుతున్నారమ్మా?" అని అడిగింది. "నువ్వా?"